జామచెట్టుకు వేలాడిన తాళం

"పాస్‌వర్డ్ చెప్పుండ్రి మేడం."

వీరేశం ఈ మాట పొద్దున షట్టర్ ఎత్తింది మొదలు మళ్లీ దించేదాకా అంటూనే ఉంటాడు. సూర్యాపేట బస్టాండు ఎదురు సందులో అతని నెట్ సెంటర్. అక్కడి పద్ధతి ఒకటే. కుర్చీలో కూర్చునేది వీరేశం, కీబోర్డు మీద వేళ్లు ఆడించేది వీరేశం. వచ్చినవాళ్లు పక్కన నిలబడి తమ పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, ఆఖరికి పాస్‌వర్డ్ కూడా వెనక లైనులో ఉన్నవాళ్లకు వినపడేంత గట్టిగా చెప్పేస్తారు. ఇంతవరకూ ఎవరూ కాదనలేదు.

2012 జూలైలో, వాన దంచికొడుతున్న ఒక శనివారం సాయంత్రం, ఒకమ్మాయి కాదంది.

"చెప్పను. మీ నెట్ వైరు జర నా ల్యాప్‌టాప్‌కు పెట్టుండ్రి. నేనే చూసుకుంట."

"గంత తక్లీఫ్ ఎందుకు మేడం? పాస్‌వర్డ్ చెప్తే నేనే మెయిల్ తెరిచి ప్రింట్ తీసిస్త. రెండు నిమిషాల పని."

"మీకెందుకు చెప్పాలె?"

"అందరూ చెప్తరు గదా!"

"అందరూ బావిల దుంకుతే నేను దుంకాల్నా?" అంటూ ఆమె తడిసిన చున్నీతో ల్యాప్‌టాప్ మూత తుడిచి తెరిచింది. అంతటితో ఆగిందా? లేదు. "జర అటు తిరుగుండ్రి అన్నా," అంది.

వీరేశానికి ఒకేసారి రెండు దెబ్బలు తగిలాయి. సొంత దుకాణంలో తననే గోడవైపు తిరగమనడం ఒకటి. వాన చినుకులు కనురెప్పల మీద ఇంకా మెరుస్తున్న పిల్ల తనను "అన్నా" అనడం రెండోది. మొదటిదానికంటే రెండోదే గట్టిగా తగిలిందని చెప్పడానికి అతనికి సిగ్గేసింది.

తిరిగాడు. తిరిగితే ఎదురుగా గోడ మీద తను రాయించిన బోర్డు కనిపించింది. ఆమె కూడా అదే చదువుతోంది.

"మా వద్ద తెరిచిన అన్ని మెయిళ్లకు పాస్‌వర్డ్: సూర్య వన్ టూ త్రీ. మరిచిపోయే భయం లేదు."

వెనక నుంచి నవ్వు వినిపించింది. ముందు ఆపుకున్న నవ్వు, తర్వాత ఆపుకోలేని నవ్వు.

"అన్నా, ఇదేంది? ఊరందరి ఇండ్లకు ఒకటే తాళంచెవి చేసి, దాన్ని చౌరస్తల వేలాడదీసిన్రా?"

"జనం మర్చిపోతున్నరు మేడం! రిజల్ట్ వచ్చిననాడు ఉరికొస్తరు, పాస్‌వర్డ్ యాదికి లేదని ఏడుస్తరు. గందుకే అందరికీ ఒకటే పెట్టిన. సేవ ఇది!"

"మస్తు సేవ," అందామె. ఈలోగా ఆమె ల్యాప్‌టాప్ మీద ఉన్న బొమ్మలన్నీ పోయి నల్లటి తెర, దాని మీద నాలుగు తెల్ల అక్షరాలు కనిపించాయి.

దొంగచాటుగా చూసిన వీరేశం కంగారుపడ్డాడు. "మేడం, మీది ఖరాబైనట్టున్నది! పక్క షాపుల డేవిడ్ ఉన్నడు, రిపేర్ చేస్తడు. పిలవాల్నా?"

"ఖరాబ్ కాలే. ఇది గిట్లనే ఉంటది. మీరు ముందు అటు తిరుగుండ్రి."

ఆమె పేరు యశోద. కోదాడలో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ అసిస్టెంటు. ఇల్లు తిరుమలగిరి. శనివారం సాయంత్రం ఇంటికి పోవాలంటే సూర్యాపేటలో బస్సు మారాలి. ఈ వివరాలన్నీ ఆమె చెప్పినవి కావు. ప్రింటు తీసిన కాగితం మీద ఉన్నవి. పాస్‌వర్డ్ దాచుకుంది కానీ, అడ్రస్ దాచుకోలేదు పాపం.

*

తర్వాత శనివారం కూడా వచ్చింది. ఆ తర్వాతి శనివారమూ వచ్చింది. తిరుమలగిరి బస్సుకు ఎప్పుడూ టైము ఉండేది, వానకు ఎప్పుడూ తొందర ఉండేది. వీరేశం ఆమె కోసం నెట్ వైరు ముందే లాగి, మూలనున్న టేబుల్ తుడిచి పెట్టేవాడు. మాటల్లో మాటగా ఆమె సంగతి తెలిసింది. వాళ్ల నాన్న కాటయ్య గొర్లు కాస్తాడు. ఆమె బీటెక్ చదివింది. ల్యాబులో పిల్లలకు కంప్యూటర్లు ఆన్ చేసి ఇవ్వడం, సాయంత్రం ఆఫ్ చేయడం ఆమె పని. అదే ల్యాబులో తను నిలబడి పాఠం చెప్పాలని ఆమె ఆశ. అందుకు ఎంటెక్ కావాలి. ప్రవేశ పరీక్ష రాసింది, మంచి ర్యాంకు వచ్చింది. సెప్టెంబరులో ఆన్‌లైన్లో కాలేజీలు ఎంచుకోవాలి. అంతే మిగిలింది.

"హైదరాబాద్ల సీటొస్తది నీకు. రాసిపెట్టుకో," అన్నాడు వీరేశం.

"నోటిమాట ఎందుకన్నా, వచ్చినంక చెప్పు," అంది యశోద.

ఆ "అన్నా" ఎప్పుడు పోతుందా అని మనవాడు ఎదురుచూస్తున్నాడు. అది పోయిన రోజు సూర్యాపేట చరిత్రలో చిన్నది కాదు.

ఒక శనివారం పొద్దున వీరేశం షట్టర్ ఎత్తేసరికి సందు చివరిదాకా లైను ఉంది. కాలేజీ పిల్లలు, పట్టాదారు పుస్తకాలు పట్టుకున్న రైతులు, ఆధార్ కాగితాల ఆడవాళ్లు, మందపాటి రామాయణం మొత్తం చంకలో పెట్టుకున్న ఒక పెద్దాయన.

"ఏంది సంగతి?" అని అడిగాడు.

"నువ్వే మెయిల్ పంపినవు గదా తమ్మీ, ఇయ్యాల జిరాక్స్ ఫ్రీ అని!"

పంపింది వీరేశం కాదు. వీరేశం మెయిల్లోంచి ఎవరో డిగ్రీ కుర్రాడు పంపాడు. అతని దగ్గర మెయిల్ తెరిచిన ప్రతి ఒక్కరికీ వెళ్లింది ఆ కబురు. మరి వీరేశం సొంత మెయిల్ పాస్‌వర్డ్ ఏమిటి? బోర్డు మీద ఉన్నదే. ఊరందరికీ పెట్టినవాడు తనకు మాత్రం వేరే ఎందుకు పెట్టుకుంటాడు?

మాట పోగొట్టుకోలేక మధ్యాహ్నం దాకా ఉత్తినే జిరాక్సులు తీశాడు. రామాయణం పెద్దాయన అయోధ్యకాండతో సరిపెట్టుకుంటానని దయతలిచాడు. పక్క షాపు డేవిడ్ సెల్‌ఫోన్లు రిపేరు చేయడం మానేసి, స్టూలు వేసుకుని కూర్చుని మరీ నవ్వాడు.

సాయంత్రం యశోద వచ్చేసరికి వీరేశం జిరాక్స్ మెషీన్ మీద తల పెట్టుకుని కూర్చున్నాడు. గోడ మీద బోర్డు లేదు. మేకులే మిగిలాయి.

ఆమెకు డేవిడ్ అంతా చెప్పాడు. నవ్వుతుందని వీరేశం కాచుకుని ఉన్నాడు. ఆమె నవ్వలేదు. కుర్చీ లాక్కుని అతని పక్కన కూర్చుంది.

"నేర్పిస్త. నేర్చుకుంటవా వీరేశం?"

అన్నా లేదు. వీరేశం వెంటనే డేవిడ్ వైపు చూశాడు. డేవిడ్ కూడా విన్నాడు. వాడి చేతిలో స్క్రూడ్రైవర్ జారి కింద పడింది.

*

ఆమె పెన్‌డ్రైవ్ పెట్టి అతని కంప్యూటర్లోకి ఏదో ఎక్కించింది. బొమ్మల్లేవు, బటన్లు లేవు. నల్ల తెర.

"సూడు. మామూలు ఫైలొకటి తెరువు. దాంట్ల నీ పాస్‌వర్డ్లన్నీ రాసుకో. ఒక్కోదానికి ఒక్కోటి, ఎంత పిచ్చిగ ఉంటే అంత మంచిది. నువ్వు యాది పెట్టుకోనక్కర్లే. ఇగ గీ నల్లదాంట్ల జీపీజీ అని మూడక్షరాలు కొట్టి, తాళమెయ్యి అని చెప్పాలె. అది నిన్ను ఒక మాట అడుగుతది. ఆ ఒక్క మాట మాత్రం నీ తలకాయల ఉండాలె."

"ఒక్క మాటనా?"

"మాటంటే మాట కాదు. ఒక వాక్యం. పొడుగ్గ ఉండాలె. పాటల్నుంచి ఎత్తుకొచ్చింది కావద్దు, అందరికీ తెలిసింది కావద్దు. నీకు తప్ప లోకంల ఎవ్వరికీ తట్టంది."

అతను టైపు చేయబోయాడు. తెర మీద ఒక్క అక్షరమూ పడలేదు. "పని చేస్తలేదు!"

"చేస్తున్నది. నువ్వు కొట్టేది అది చూపియ్యదు. పక్కనోళ్లు చూస్తరని." ఆమె అప్పటికే మొహం అటు తిప్పుకుని ఉంది. జడ మాత్రమే కనిపిస్తోంది. ఆ జడను చూస్తూ వీరేశం తన వాక్యం కొట్టాడు. అదేమిటో అతను ఈరోజుదాకా ఎవరికీ చెప్పలేదు కాబట్టి నేనూ చెప్పలేను.

తాళం వేసిన ఫైలు తెరిస్తే అంతా చెత్త. కోడి కాళ్లకు సిరా పూసి కాగితం మీద వదిలినట్టుంది.

"మరి ఆ వాక్యం మర్చిపోతే?"

"ఖతం."

"ఎవరికన్నా ఫోన్ చేస్తే?"

"ఎవ్వరికి చేసినా ఖతమే. చేసినోళ్లు గూడ తెరవలేరు."

వీరేశానికి భయమేసింది. ఊరందరి తాళాలు తన దగ్గర ఉంచుకున్నవాడికి, ఎవరి దగ్గరా లేని తాళం అంటే భయమే మరి. కానీ ఆ భయంలో ఏదో మర్యాద కూడా ఉన్నట్టు తోచింది.

పోయేముందు ఆమె పెన్‌డ్రైవ్ నుంచి ఒక ఫైలు అతని కంప్యూటర్లో పెట్టింది. "ఇది నాది. నా పాస్‌వర్డ్లన్నీ దీంట్లనే ఉన్నయి. ఇంకో జాగల కాపీ ఉండాలె. కాలేజీ కంప్యూటర్లు నెలకోసారి మొత్తం తుడిచేస్తరు. మెయిల్ల పెడదామంటే మెయిల్ తాళం గూడ దీంట్లనే ఉన్నది. నీ దగ్గర ఉంచు."

"నా దగ్గరనా?" అన్నాడు వీరేశం. "నమ్మినవా నన్ను?"

"నిన్ను కాదు. తాళాన్ని," అంది యశోద. అంది కానీ, మెట్లు దిగుతూ ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. తాళాన్ని నమ్మినవాళ్లు అలా చూడరని డేవిడ్ అభిప్రాయం.

*

ఇక్కడ మనవాడు తప్పు చేశాడు. ప్రేమలో ఉన్నవాడి బుర్ర ఎటు పోతుందో చెప్పలేం. ఆ ఫైలులో ఆమె పాస్‌వర్డ్లు ఉన్నాయన్నది అతనికి పట్టలేదు. ఆమె తలలో ఒక వాక్యం ఉంది, లోకంలో ఎవరికీ తట్టని వాక్యం. అందులో తను ఉన్నాడా లేడా? ఇదొక్కటే అతని పరేషాన్. షాపు ఖాళీగా ఉన్నప్పుడల్లా నల్ల తెర తెరిచి, ఆ ఫైలు తెరవమని అడిగి, ఊహించినవన్నీ కొట్టేవాడు. ఆమె పేరు, ఊరు పేరు, వాన, గొర్లు. సిగ్గు విడిచి తన పేరు కూడా కొట్టాడు. కాదు పొమ్మంది.

సెప్టెంబరు మొదటి శనివారం యశోద వచ్చి, ఏదో చూపిద్దామని అతని కంప్యూటర్ ముందు కూర్చుంది. నల్ల తెర తెరిచే ఉంది. పైకి బాణం గుర్తున్న మీట నొక్కింది. అది నొక్కితే ఇంతకు ముందు కొట్టినవి ఒక్కొక్కటే తిరిగి కనిపిస్తాయి. ఆ సంగతి ఆమె వీరేశానికి ఇంకా నేర్పలేదు.

యశోద ఫైలు తెరువు. మళ్లీ నొక్కింది. యశోద ఫైలు తెరువు. మళ్లీ. మళ్లీ. మళ్లీ.

ఆమె చెయ్యి మీట మీదే ఆగిపోయింది. మొహం ఎర్రబడి, తర్వాత పాలిపోయింది.

"యశోదా, నేను పాస్‌వర్డ్ల కోసం కాదు..."

"మరి దేనికోసం?"

చెప్పొచ్చు. ఆ ఒక్క మాట అప్పుడే చెప్పి ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది. కానీ లైనులో నలుగురు చెవులు రిక్కించి ఉన్నారు, చెప్పలేకపోయాడు.

"ఆ ఫైల్ తీసెయ్యన్నా," అంది యశోద నెమ్మదిగా.

అన్నా. మళ్లీ వచ్చింది. కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు. ఆమె చూస్తుండగానే వీరేశం ఆ ఫైలును తుడిచేశాడు. ఆమె వైరు చుట్టి టేబుల్ మీద పెట్టి, వానలోనే వెళ్లిపోయింది. ఆ తర్వాతి శనివారం ఎదురుగా బస్టాండులోనే బస్సు కోసం నిలబడింది. సందు దాటి ఇటు రాలేదు.

ఒక సంగతి ఉండిపోయింది. వీరేశం ప్రతి నెలా ఆఖరున కంప్యూటర్లో ఉన్నవన్నీ ఒక సీడీ మీదకు ఎక్కించేవాడు. కరెంటు కోతలకు హార్డ్‌డిస్కులు ఎప్పుడు పోతాయో తెలియదు కదా. ఆగస్టు సీడీలో ఆమె ఫైలు కూడా ఉంది. తీసెయ్యమంది కాబట్టి విరిచేయాలి. రెండుసార్లు చేతిలోకి తీసుకున్నాడు. విరవలేకపోయాడు. దగ్గర పెట్టుకుంటే మళ్లీ బుద్ధి గడ్డి తింటుందని భయం. చివరికి పనికిరాని పాత సీడీల కట్టలో దాన్నీ కలిపి ఊళ్లో అమ్మకు ఇచ్చేశాడు.

అమ్మకు సీడీలెందుకంటారా? ఇంటి వెనక ఆరేడు జామచెట్లున్నాయి. కాయ పండకముందే రామచిలుకలు దిగుతాయి. సీడీలకు దారం కట్టి కొమ్మలకు వేలాడదీస్తే ఎండకు తళుక్కుమంటాయి, చిలుకలు బెదిరిపోతాయి. ఆ చుట్టుపక్కల పల్లెల్లో ఇది అందరూ చేసేదే.

*

సెప్టెంబరు ఆఖరు వారంలో ఒక మధ్యాహ్నం, యశోద నెట్ సెంటర్ మెట్లెక్కింది. చేతిలో ఏమీ లేదు. భుజానికి బ్యాగు లేదు. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"ఒకసారి ఫోన్ ఇస్తవా?"

వీరేశం ఫోన్ ఇచ్చి, లైనులో ఉన్నవాళ్లను డేవిడ్‌కు అప్పగించాడు. ఆమె ఎవరితోనో మాట్లాడింది. పెట్టేసింది. తర్వాత టేబుల్ మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది.

మిర్యాలగూడలో స్నేహితురాలు నీల నిశ్చితార్థానికి వెళ్లింది. ఆరోజే కాలేజీలు ఎంచుకోవడానికి ఆఖరు రోజు. సాయంత్రం ఐదింటికి బంద్. పొద్దున్నే నీల ఇంట్లో కూర్చుని చేసుకుందామంటే కరెంటు పోయింది. సూర్యాపేటలో చేసుకోవచ్చులే అని బస్సెక్కింది. పైన బ్యాగు పెట్టి కునుకు తీసింది. దిగబోతే బ్యాగు లేదు. ల్యాప్‌టాప్, ఫోను, పెన్‌డ్రైవ్, పాస్‌వర్డ్ల ఫైలు అన్నీ అందులోనే.

"కొత్త పాస్‌వర్డ్ అడుగు మరి," అన్నాడు వీరేశం.

"మెయిల్‌కు పంపుతరు. మెయిల్ పాస్‌వర్డ్ గూడ ఫైల్లనే ఉన్నది. మెయిల్ మళ్ల ఫోన్‌కు పంపుతది. ఫోన్ బ్యాగుల ఉన్నది. కొత్త సిమ్ రేపు ఇస్తరంట. సీట్లిచ్చే ఆఫీసోళ్లు హైదరాబాద్ వచ్చి ఒరిజినల్స్ చూపియ్యుమంటున్నరు. అవి తిరుమలగిరిల ఉన్నయి. ఐదింటికల్ల ఎట్ల పోత?" ఆమె కళ్లు తుడుచుకుంది. "తప్పు నాదే. నీ దగ్గర ఒక కాపీ ఉండె. నేనే దగ్గరుండి తుడిపిచ్చిన."

వీరేశం లేచి నిలబడ్డాడు. 

"ఉన్నది."

"ఏంది?"

"నువ్వు తీసెయ్యుమన్నవు. కంప్యూటర్లకెళ్లి తీసేసిన. సీడీల ఉండె. విరుద్దామనుకున్న, చేతులు రాలే. ఒట్టు, మళ్ల తెరవాల్నని సూడలే."

"ఏడుంది ఆ సీడీ?"

"మా జామచెట్టు మీద."

యశోద అతన్ని తేరిపార చూసింది. వేళాకోళం కాదని అర్థమయ్యాక, అంత ఏడుపులోనూ ఆమె పెదవి వంకర తిరిగింది. "బండి తియ్యి," అంది.

*

తిరుమలగిరి రోడ్డులో అరగంట దూరం వీరేశం ఊరు. వాన మొదలైంది. బండి వెనక ప్రేమించిన పిల్ల కూర్చుని ఉంది. కలలో ఎన్నిసార్లు చూసుకున్నాడో ఆ దృశ్యం. నిజంగా జరిగేటప్పుడు మాత్రం ఒక్కటే ధ్యాస, ఐదు కాకముందే తిరిగి రావాలి.

అతని తల్లి అచ్చమ్మ అరుగు మీద పల్లికాయ వలుస్తోంది. కొడుకు, వెనక తడిసి ముద్దయిన ఆడపిల్ల దిగడం చూసి చేట పక్కన పెట్టింది.

"అవ్వా, సీడీలేడ కట్టినవే?"

"గీ పిల్లెవరురా?"

"అవ్వా, సీడీలు!"

"మెరిసేటియన్నీ చెట్లకు కట్టిన. పిల్లెవరంటే చెప్పవేంది?"

వాళ్లప్పటికే పెరట్లో ఉన్నారు. జామచెట్ల నిండా సీడీలు గాలికి గిరగిర తిరుగుతున్నాయి. ఎండ లేదు కాబట్టి చిలుకలు దర్జాగా పక్కనే కూర్చుని కాయలు కొరుకుతున్నాయి. సీడీల మీద వీరేశం మార్కరుతో రాసిన నెలల పేర్లన్నీ వానకు కొట్టుకుపోయాయి. ఏది ఆగస్టో తెలియదు.

"అన్నీ కోసుకపోదాం," అని యశోద చున్నీ నడుముకు చుట్టి చెట్టెక్కేసింది. గొర్లకు కొమ్మలు కొట్టి పెరిగిన పిల్ల, ఆమెకు జామచెట్టు ఒక లెక్కా? పైనుంచి ఒక్కొక్కటే విసురుతుంటే కింద వీరేశం పట్టుకుంటున్నాడు.

"వీటిల్ల ఇంకేమున్నయి?" అని కొమ్మ మీద నుంచి అడిగింది.

"అందరి హాల్‌టికెట్లు, ఫోటోలు, సర్టిఫికెట్లు."

"తాళం లేకుండనే? సూర్యాపేట మొత్తాన్ని చెట్టుకు ఆరేసినవా?"

"నీదొక్కటే తాళమేసి ఉన్నది."

ఆమె ఒక్క క్షణం ఆగింది. ఎండకూ వానకూ చిలుకలకూ ఎదురుగా, ఎవరైనా చేయి చాపి తీసుకునేలా తన రహస్యాలన్నీ ఇన్నాళ్లు ఇక్కడ వేలాడాయి. ఒక్కటీ బయటపడలేదు. దగ్గర ఉండి కూడా అతను మళ్లీ ముట్టుకోలేదు.

"ఇంకోటి గా కింది కొమ్మకు, ఆకుల సాటుకు కట్టిన," అంది కింద నిలబడ్డ అచ్చమ్మ. "బిడ్డా, జారుతవు, పైలం. పేరేంది నీది?"

"యశోద అత్తమ్మా."

ఊళ్లల్లో పెద్దవాళ్లను అలా పిలవడం మామూలే. అయినా అచ్చమ్మ కొడుకు మొహం చూసింది. చూసి, ఇంకేమీ అడగలేదు. పైట కొంగుతో నాలుగు దోరకాయలు తుడిచి పిల్ల చేతిలో పెట్టింది.

*

తిరిగొచ్చేసరికి నాలుగు దాటింది. మొదటి సీడీ పగిలి ఉంది. రెండోదాన్ని కంప్యూటర్ గర్రుమని తిప్పి బయటకు నెట్టేసింది. మూడోది తెరుచుకుంది. ఎవరివో పెళ్లి ఫోటోలు. నాలుగోది, ఐదోది, ఆ తర్వాతవన్నీ ఎండకు రంగు వెలిసి మూగబోయాయి. చివరగా కింది కొమ్మది, ఆకుల నీడలో ఉన్నది. దాన్ని డేవిడ్ సబ్బునీళ్లతో కడిగి, మెత్తటి బట్టతో మధ్య నుంచి అంచుకు తుడిచిచ్చాడు.

కంప్యూటర్ చాలాసేపు గింజుకుంది. ఒక్కసారిగా పేర్లు వరసగా పడ్డాయి. వాటిలో యశోద ఫైలు ఉంది. దాన్ని సీడీ నుంచి కంప్యూటర్లోకి లాగుతుంటే ముగ్గురూ తెర మీదకు వంగారు.

వచ్చింది. అప్పుడే కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ కుయ్‌కుయ్‌మనడం మొదలుపెట్టింది.

యశోద కీబోర్డు మీద చేతులు పెట్టి ఆగిపోయింది. నెట్ సెంటర్ కంప్యూటర్ మీద తన వాక్యం ఎన్నడూ కొట్టనని శపథం చేసుకున్న మనిషి ఆమె. నలుగురు వాడే కంప్యూటర్లో, కొట్టిన ప్రతి అక్షరాన్నీ దొంగచాటుగా రాసుకునేది ఎవరైనా దాచి ఉంచారేమో ఎవరికి తెలుసు? ఇప్పుడు కొట్టడమంటే ఈ షాపును, షాపు మనిషిని నమ్మడమే. తాళం ఒక్కదాన్నే నమ్మితే చాలదు.

ఆమె తల తిప్పి చూసింది. "అటు తిరుగు" అనడానికి నోరు తెరిచింది.

అవసరం లేకపోయింది. వీరేశం అప్పటికే కుర్చీ తిప్పుకుని, బోర్డు ఊడదీసిన గోడకు ఎదురుగా, మేకులు చూస్తూ కూర్చున్నాడు. పక్కన డేవిడ్‌ను కూడా మెడ పట్టి అటే తిప్పాడు.

వేళ్ల చప్పుడు వినిపించింది. చాలా పొడుగు వాక్యం. ఆగింది.

"తప్పంటున్నది!" అంది యశోద.

"తొందరల తప్పు కొట్టినట్టున్నవు. నీళ్లు తాగు. ఆగి కొట్టు, యశోదా. నీ తలకాయల ఉన్నదాన్ని ఎవ్వరూ ఎత్తుకపోలే."

గటగటా నీళ్లు తాగిన శబ్దం. మళ్లీ వేళ్ల చప్పుడు, ఈసారి నిదానంగా. చప్పుడు ఆగింది. బ్యాటరీ మాత్రం అరుస్తోంది.

"వీరేశం."

"ఊ?"

"తెరుచుకున్నది."

ఐదు కావడానికి ఇంకా పావుగంట ఉండగా ఆమె కాలేజీలన్నీ వరసగా ఎంచి, ఆఖరి బటన్ నొక్కింది. నమోదైందని కాగితం వచ్చింది. బ్యాటరీ చల్లబడింది, తెర ఆరిపోయింది. ఆ మబ్బు చీకట్లో డేవిడ్ "ఏసయ్యా!" అని ఎగిరి గంతేస్తే పైన ఫ్యాను రెక్క తలకు తగిలింది. ముగ్గురూ పిచ్చివాళ్లలా నవ్వారు. ఆ నవ్వుతోనే యశోద అచ్చమ్మ ఇచ్చిన జామకాయ ఒకటి కొరికి, మిగతా సగం వీరేశానికి ఇచ్చింది.

*

రెండు వారాలకు సీటు వచ్చింది. హైదరాబాద్‌లో, మొదటి వరసలో రాసుకున్న కాలేజీలోనే. కబురు వినగానే కాటయ్య గొర్లను దాయాదికి అప్పజెప్పి, గొంగడి భుజాన వేసుకుని బిడ్డతో సూర్యాపేట వచ్చాడు. తన బిడ్డ చదువును నిలబెట్టిన జామచెట్టు మనిషిని చూడాలన్నాడు. ఆ సంగతి తెలిసి అచ్చమ్మ కూడా గంపెడు కాయలతో షాపుకు వచ్చి కూర్చుంది.

పెద్దవాళ్లు గొర్ల సంగతి, వానల సంగతి మాట్లాడుకుంటున్నారు. యశోద కొత్తగా కొన్న పాత ల్యాప్‌టాప్ తెరిచి పాస్‌వర్డ్లన్నీ మారుస్తోంది. నెట్ సెంటర్లో కొట్టిన వాక్యాన్ని కూడా మార్చేస్తోంది. నమ్మకం నమ్మకమే, పద్ధతి పద్ధతే అట. మూల టేబుల్ దగ్గర వీరేశం గొంతు తగ్గించాడు.

"నేనప్పుడు వెతికింది పాస్‌వర్డ్ల కోసం కాదు, యశోదా. నీ వాక్యంల నేనున్ననా లేనా అని. నువ్వంటే నాకు పానం. ఆనాడే చెప్పాల్సింది, నోరు రాలే."

ఆమె వేళ్లు ఆగిపోయాయి. చెవులదాకా ఎర్రబడింది.

"పాత వాక్యం ఎట్లాగు తీసేస్తున్నవు," అన్నాడు వీరేశం ఆశగా. "ఇప్పుడన్న చెప్పరాదూ. నేనున్ననా దాంట్ల?"

"చెప్పను."

"ఎన్నటికీనా?"

"ఎన్నటికీ చెప్పను. పెండ్లయినంక గూడ చెప్పను!"

ఆమె గొంతు కాస్త పెద్దదైంది.  కాటయ్య గొర్ల మాట మధ్యలో ఆపేశాడు. డేవిడ్ చేతిలోంచి మళ్లీ స్క్రూడ్రైవర్ జారింది.

"ఎవల పెండ్లి బిడ్డా?" అన్నాడు కాటయ్య.

యశోద రెండు చేతుల్లో మొహం దాచుకుంది. ఆమె సమాధానం చెప్పాల్సిన పని లేకుండా పోయింది. అచ్చమ్మ నవ్వు గంపలో జామకాయలను కూడా కదిలించింది.

కాటయ్య వీరేశాన్ని కిందినుంచి పైదాకా చూశాడు. "పిల్లగా, ఒక్క మాటడుగుత. మా బిడ్డ తాళమేసిన కాయిదం నీ తాన ఉండెనంట. నువ్వు సదవలేదా, సదవ రాలేదా?"

వీరేశం కుర్చీలోంచి లేచాడు. "మొదలు సదవాల్నని సూసిన మామా. రాలే. దాని గురించే నా మీద అలిగిపోయింది. ఆ తర్వాత మల్ల ముట్టలే. ముట్టబుద్ధి కాలే."

 కాటయ్య గొంగడి సవరించుకుని నవ్వాడు. "అబద్ధం చెప్తడేమో అనుకున్న. చెప్పలే. సదువు కానియ్యి ముందుగాల. అయినంక అచ్చమ్మ వదినె, నేను కూసొని మాట్లాడుకుంటం."

వదినె అన్నాడు. వియ్యం ఖాయమైపోయిందని షాపులో ఉన్నవాళ్లందరికీ అర్థమైంది, ఒక్క వీరేశానికి తప్ప. అతనికి డేవిడ్ గిచ్చి చెప్పాల్సి వచ్చింది.

యశోద మొహం మీద నుంచి చేతులు తీసింది. కళ్లు నవ్వుతున్నాయి. "ఇంకా కొత్త వాక్యం పెట్టలే," అంది.

వీరేశం మారు మాట్లాడకుండా కుర్చీ తిప్పుకుని గోడవైపు కూర్చున్నాడు. మేకులు రెండూ అలాగే ఉన్నాయి. వెనక నుంచి వేళ్ల చప్పుడు మొదలైంది, ఆగింది, మళ్లీ మొదలైంది. పాతదానికంటే చాలా పొడుగు వాక్యం. గోడను చూస్తూ వీరేశం నవ్వుకుంటూ కూర్చున్నాడు.